బల్ల కింది బోర్డు

నాకు కోపం వస్తే నోరు ఆగదు. గోపికకు కోపం వస్తే నోరు మూతపడుతుంది. అందుకేనేమో, సూర్యాపేట ఇంజనీరింగ్ కాలేజీలో మా ఇద్దరికీ ఒకటే గది, ఒకటే ఫ్యాను ఇచ్చినా ఏళ్ల తరబడి ఏ గొడవా లేకుండా వెళ్లదీశాం. ఆమె ఎలాంటి మనిషని అడిగితే కాలేజీలో అందరూ మెత్తని మనిషి అనేవాళ్లు. 2011లో మిర్యాలగూడలో ఆమె చేసింది నేను పక్కనే నిలబడి చూశాను. ఆ తర్వాత ఆ మాట ఎవరన్నా నాకు నవ్వొస్తుంది.

నా పేరు శ్రీలత. మా నాన్న ముత్తయ్య మిర్యాలగూడ రైస్ మిల్లులో హమాలీ. గోపికది తిరుమలగిరి పక్కన పల్లె, గొర్లు మేపే ఇల్లు. వాళ్ల నాన్న లక్ష్మీనర్సయ్య ఎండాకాలం రాగానే మందను తోలుకుని సాగర్ కాల్వ కింది ఊళ్లకు బయలుదేరేవాడు. వరి కోసేసిన మళ్లలో మంద పెడితే గొర్లకు మేత, రైతుకు ఎరువు. అలా వాడపల్లి దాకా నడిచి వెళ్లి, వానలు పడే వేళకు తిరిగొచ్చేవాడు. చేతికి సెల్‌ఫోన్ వచ్చాక దారి పొడుగునా కూతురికి ఫోన్ చేసేవాడు. ప్రతి మాటా రెండుసార్లు చెప్పడం ఆయన అలవాటు. "వాడపల్లి కాడున్నం బిడ్డా, వాడపల్లి కాడ. గొర్లు మంచిగున్నయ్, మంచిగున్నయ్." స్టాఫ్ రూములో మేమంతా నవ్వుకునేవాళ్లం.

గోపిక మాత్రం నవ్వేది కాదు. ఒకరోజు ఫోన్ పెట్టేసి నాతో అంది. "గాలిల కొంత పోతదని ముందే తెలిసి ఎక్కువ పంపుతడక్కా మా నాయన. ఫోను లోపల జరిగేది గూడ గిదే."

ఆమె చెప్పింది నిజమే. మనం ఫోనులో మాట్లాడే మాట ఒకట్లు, సున్నాలుగా, అంటే బిట్లుగా మారి గాలిలో పోతుంది. దారిలో కొన్ని చెడిపోతాయి, ఒకటి సున్నా అవుతుంది, సున్నా ఒకటవుతుంది. అందుకని పంపే ముందే ఒక లెక్క ప్రకారం కొన్ని అదనపు బిట్లు చేర్చి పంపుతారు. అవతల వాటిని చూసి, ఏది చెడిందో కనిపెట్టి సరిచేసుకుంటారు. ఆ చేర్చే పని చేసేదాన్ని ఎన్‌కోడర్ అంటారు. చిక్కేమిటంటే ఒక్కో నెట్‌వర్క్‌ది ఒక్కో లెక్క. జీఎస్‌ఎమ్‌ది ఒకటి, సీడీఎంఏది ఇంకొకటి, అప్పుడప్పుడే వస్తున్న వైమాక్స్, ఎల్‌టీఈలవి వేరే. మామూలుగా ఒక్కో లెక్కకు ఒక్కో సర్క్యూట్ కడతారు. అన్ని లెక్కలూ తెలిసిన ఒకటే సర్క్యూట్ ఉండాలి, ఏ నెట్‌వర్క్ కావాలని చెబితే అక్కడికక్కడే అదైపోవాలి అని గోపిక పట్టు. ఆమె ఎం.టెక్ ప్రాజెక్టు అదే.

ఆ ఎం.టెక్ ఆమెకు సరదా కాదు. వట్టి బి.టెక్‌తో పాఠాలు చెప్పేవాళ్లను ఇక ఉంచుకోమని యాజమాన్యం తేల్చి చెప్పింది. మా యాజమాన్యానికి సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో మూడు కాలేజీలున్నాయి. గోపిక సూర్యాపేటలో పాఠం చెబుతూ కోదాడలో ఎం.టెక్‌లో చేరింది. పొద్దున ఇక్కడ మేడం, మధ్యాహ్నం బస్సెక్కి అక్కడ స్టూడెంట్. ప్రాజెక్టు దగ్గరికొచ్చేసరికి ఆమెతో చదివేవాళ్లు చాలామంది హైదరాబాదు వెళ్లి, రెడీమేడ్ చొక్కా కొన్నట్టు ప్రాజెక్టు కొనుక్కొచ్చారు. రిపోర్టు, సీడీ, వైవాలో చెప్పాల్సిన జవాబులు, అన్నీ ఒకే కవర్లో. ఈమె మాత్రం సొంతంగానే చేస్తానని కూర్చుంది. నీకేమైనా పిచ్చా అని నేనే ఎన్నోసార్లు అన్నాను.

మూడు కాలేజీలకూ కలిపి ప్రోగ్రాం మార్చుకోగలిగిన బోర్డు ఒకటే ఉండేది, అరచేయంత ఆకుపచ్చ పలక. సాయంత్రం క్లాసులయ్యాక దాన్ని మా సూర్యాపేట ల్యాబు బీరువాలోంచి తీసి గోపిక పని మొదలుపెట్టేది. నాలుగు లెక్కలూ విడివిడిగా బాగానే వచ్చాయి. ఆపకుండా ఒకదాన్నుంచి ఇంకోదానికి మారిస్తేనే మొదటి మాట పాడయ్యేది. నెలల తరబడి అక్కడే ఆగిపోయింది. చివరికి తేలిందేమిటంటే, పాత లెక్క తాలూకు బిట్లు కొన్ని లోపల మిగిలిపోయి కొత్తదాంట్లో కలుస్తున్నాయి. సన్న వడ్లు పట్టాక దొడ్డు వడ్లు పోసే ముందు మిల్లును కాసేపు ఖాళీగా తిప్పుతారు, లేకపోతే రెండూ కలిసిపోతాయి, ఇదీ అంతేనా అన్నాను నేను. సగం అంతే అంది. కొన్ని నెట్‌వర్క్‌లకు ఖాళీగా మొదలుపెట్టాలట, కొన్నింటికి పంపబోయే మాట చివరి బిట్లనే ముందు లోపల పోసి మొదలుపెట్టాలట. ఏది మారుస్తున్నామో చూసి దానికి తగ్గట్టు తనంతట తానే సర్దుకునేలా చేసింది. అది పనిచేసిన రోజు సాయంత్రం బజారుకెళ్లి మిర్చి బజ్జీలు తెచ్చింది. తిన్నది నేనే. ఆమె స్క్రీన్ వైపు చూస్తూ కూర్చుంది.

అంత చేసినా దాని గురించి ఆమెను ఒక్కరూ అడగలేదు. గైడ్ సారు రిపోర్టు మందం చూసి చాలన్నాడు. ప్రిన్సిపాల్ శభాష్ అని ఇంకో పనిలో పడ్డాడు. నేను వినేదాన్ని, కానీ నా సబ్జెక్టు వేరు, సగం అర్థమయ్యేది కాదు. పనిచేస్తుందా లేదా అని కాదు, ఎట్లా పనిచేస్తుందో తెలిసిన మనిషి ఒకరు అడగాలని ఆమెకుండేది. అది పైకి చెప్పేది కాదు గానీ, ఎవరైనా ల్యాబులోకి రాగానే తలెత్తి చూసే చూపులో నాకు తెలిసేది.

దాన్ని నిజంగా పట్టించుకున్నవాడు మూడు కాలేజీల ఆఫీసు పనులూ చూసే ఏ.ఓ. గోవర్ధన్ ఒక్కడే. కోదాడ మనిషి, చెడ్డవాడేం కాదు, తనిఖీ అంటే చాలు పెళ్లి పనులంత హడావుడి చేస్తాడు. మిర్యాలగూడ కాలేజీకి ఎం.టెక్ సీట్లు కావాలని యాజమాన్యం దరఖాస్తు పెట్టింది. కమ్యూనికేషన్ ల్యాబులో నాలుగు నెట్‌వర్క్‌లకూ నాలుగు ఎన్‌కోడర్ కిట్లు ఉన్నాయని కాగితాల మీద రాశారు. సీట్లు ఇచ్చే ముందు తనిఖీ కమిటీ వచ్చి చూస్తుంది. ఉన్నదేమో ఈ ఒక్క బోర్డు. గోవర్ధన్ మా గదికొచ్చి, కుర్చీ లాక్కుని, ఆ బోర్డు క్షణంలో మారిపోతుందట కదా అని గోపికను అడిగాడు. ఆమె ముఖం విప్పారింది. పాపం, ప్రాజెక్టు గురించి అడుగుతున్నాడనుకుంది.

అతను చెప్పిన ఏర్పాటు ఇది. బల్ల మీద నాలుగు ప్లైవుడ్ డబ్బాలు, ఒక్కో దాని మీద ఒక్కో నెట్‌వర్క్ పేరు, ఒక్కో ఎర్ర బల్బు. బల్లకు నేల దాకా ఆకుపచ్చ గుడ్డ. నాలుగు డబ్బాల వైర్లూ గుడ్డ వెనక నుంచి దిగి స్టూలు మీద పెట్టిన ఈ బోర్డుకే చేరతాయి. కమిటీ ఏ డబ్బా ముందు నిలబడితే గోపిక చెయ్యి కిందికి పోనిచ్చి ఆ నెట్‌వర్క్ స్విచ్ వేయాలి. అంతా అయిపోయాక, ఆ వారంలోనే గైడ్ సారుతో ఆమె రిపోర్టు మీద సంతకం పెట్టిస్తానన్నాడు. కాదంటే ఏమవుతుందో అతను చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం కూడా లేదు. నేను నాలుగు మాటలన్నాను. గోపిక తలూపింది. బోర్డు కాలేజీది, సంతకం గైడుది, ఉద్యోగం యాజమాన్యానిది. కాదనడానికి ఆమెదంటూ ఏముందని?

తనిఖీ రోజు మమ్మల్నిద్దరినీ పొద్దున్నే జీపులో మిర్యాలగూడ తీసుకెళ్లారు. ఆ రోజుకు నేను కూడా ఒక డబ్బానే. సూర్యాపేట లెక్చరర్‌ని, మిర్యాలగూడ స్టాఫ్ అని చూపించడానికి. మా నాన్న మూటలు మోసిన ఊళ్లో బ్యాడ్జీ తగిలించుకుని నిలబడ్డాను. ల్యాబులో కొత్త సున్నం వాసన. బల్ల చివర ల్యాప్‌టాప్ ముందు గోపిక, ఎడమ చెయ్యి గుడ్డ కింద.

కమిటీలో ఇద్దరు ప్రిన్సిపాల్ గదిలో జీడిపప్పు దగ్గరే ఆగిపోయారు. ల్యాబుకు వచ్చింది లీలావతి మేడం ఒక్కతే. హైదరాబాదులో ప్రొఫెసర్, అరవైకి దగ్గరగా ఉంటుంది. మోకాళ్ల నొప్పి కాబోలు, బల్ల పట్టుకుని నెమ్మదిగా నడిచింది. ఒక్కో డబ్బా ముందూ ఆగింది. గోపిక చూపించింది. ల్యాప్‌టాప్‌లో ఒక పేరు కొడితే అది బోర్డుకు వెళ్లి, అదనపు బిట్లు చేర్చుకుని తిరిగొస్తుంది. మధ్యలో కొన్ని బిట్లను కావాలని పాడుచేసినా చివరికి పేరు సరిగ్గా వస్తుంది. మేడం తన పేరే కొట్టి, తనే కొన్ని బిట్లు చెడగొట్టి, నాలుగు చోట్లా చూసింది. నాలుగు చోట్లా లీలావతి అనే వచ్చింది. గోవర్ధన్ నా వెనక ఊపిరి వదిలాడు.

వెళ్లబోతూ ఆమె ఆగింది. విసుగ్గా కాదు, కొంచెం దిగులుగానే అంది.

"అన్నీ పనిచేస్తున్నాయి. కానీ ఒక్కోదానికి ఒక్కో కిట్, ఇది పాత పద్ధతి. ఇక మీదట ఒకే బోర్డు అన్నీ చేయాలి. అలాంటిది మీ దగ్గర ఎవరైనా ప్రయత్నిస్తున్నారా?"

గోవర్ధన్ వెంటనే అందుకున్నాడు. "ఇప్పటికైతే లేదండి మేడం. వచ్చే ఏడాది తప్పకుండా మొదలెడతాం."

నేను గోపికను చూశాను. నోరు మూతపడి ఉంది. ఆ మూత నాకు బాగా తెలుసు, ఇక సాయంత్రం దాకా తెరుచుకోదనుకున్నాను. మేడం తలుపు వైపు తిరిగింది.

"ఉన్నది మేడం," అంది గోపిక.

"ఎక్కడ?"

"బల్ల కింద."

గుడ్డ ఎత్తింది. వంగి, స్టూలు మీది బోర్డును రెండు చేతులతో తీసి బల్ల మీద పెట్టింది. డబ్బాల వైర్లు ఒక్కటొక్కటే ఊడదీసింది. వైర్లు ఊడినా డబ్బాల మీద ఎర్ర బల్బులు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి, వాటి కరెంటు వేరు. నాకు నవ్వూ భయమూ ఒకేసారి వచ్చాయి. గోవర్ధన్ ఏదో చెప్పబోయాడు. మేడం అతని వైపు చూడకుండానే, మీరు వెళ్లి టీ తాగండి అంది. కుర్చీ జరుపుకుని కూర్చుంది.

తర్వాత జరిగింది నాకు సగమే అర్థమైంది. కానీ నేను కదల్లేదు. నడుస్తుండగానే మారుస్తున్నావు కదా, లోపల మిగిలిన బిట్లను ఏం చేశావు అన్నదే మేడం మొదటి ప్రశ్న. నెలల తరబడి ఈమెను ఏడిపించిన చోటే సరిగ్గా వేలు పెట్టింది. గోపిక చెప్పింది. మొదట తడబడింది, తర్వాత తెల్ల కాగితం తీసుకుని గీసింది, ఆ తర్వాత ఆగలేదు. అంత మాట్లాడగలదని అన్నేళ్లు ఒకే గదిలో ఉండి కూడా నాకు తెలియదు. మేడం కాదంటుంది, ఈమె కాదు మేడం అంటుంది, ఇద్దరూ కాగితం మీదికి వంగుతారు. టీ చల్లారింది. జీడిపప్పు దగ్గరి వాళ్లు ఒకసారి తొంగి చూసి వెళ్లిపోయారు.

చివరికి మేడం కళ్లజోడు తీసి అడిగింది. "మాట చెడిపోకుండా ఇంత కాపలా పెట్టావు. ఏ నెట్‌వర్క్ అని చెప్పే సెట్టింగే చెడిపోతే? అప్పుడు బోర్డు తన పని తప్పు లేకుండా చేస్తుంది. కానీ అంతా తప్పు లెక్కలో చేస్తుంది. దానికేది కాపలా?"

గోపిక బోర్డు వైపు చూసింది. "తెల్వదు మేడం. నేను దాని గురించి సోచాయించలే," అంది.

"ఆలోచించు," అని మేడం లేచింది. ఆ డబ్బాల వైపు చూసి, నెమ్మదిగా అంది. "నేను చూసింది చూసినట్టే రాయాలి. దానివల్ల ఇక్కడ నీకే కష్టం."

"రాయండి మేడం."

తిరిగి వచ్చేటప్పుడు మాకు జీపు లేదు. ఆర్టీసీ బస్సులో వచ్చాం. ఎక్కిన దగ్గర్నుంచీ నేను తిడుతూనే ఉన్నాను. ఉద్యోగం పోయింది, సంతకం పోయింది, ఇన్నాళ్ల కష్టం ఒక్క నోటి మాటతో పోగొట్టుకున్నావు, మేడం వెళ్లిపోతుంటే వెళ్లనీయక ఎందుకు పిలిచావు అని. పక్క సీటు ముసలావిడ నన్ను మందలించింది కూడా. బస్సు మూసీ బ్రిడ్జి దాటాక నా నోరు నొప్పి పుట్టి ఆగింది. అప్పుడు గోపిక కిటికీలోంచి ముఖం తిప్పింది. కళ్లనిండా నీళ్లు.

"ఎవరన్న చేస్తుండ్రా అని అడిగింది గదక్కా. లేదంటె ఎట్ల ఊకుంట? నా చెయ్యి దాని మీదనే ఉండె."

గోపిక ముఖం తుడుచుకుంది. "ఆఖరికి అడిగిందానికి జవాబు తెల్వలే సూడు. గంత మంచి ప్రశ్న నన్ను ఎవ్వలు అడగలేదక్కా," అంది. అలా అంటూ నవ్వింది. ఉద్యోగం పోబోయే మనిషి నవ్వులా లేదది. సూర్యాపేట వచ్చేదాకా కిటికీ అద్దం మీది దుమ్ములో వేలితో ఏదో గీస్తూ, చెరిపేస్తూ కూర్చుంది.

మిర్యాలగూడకు సీట్లు రాలేదు. గోవర్ధన్ అరవలేదు, వచ్చి బీరువా తాళం అడిగి తీసుకున్నాడు. గైడ్ సారు సంతకం పెట్టనన్నాడు. సెమిస్టర్ అయిపోగానే గోపికను ఇక రావద్దన్నారు. నా గదిలో ఫ్యాను నాకొక్కదానికే మిగిలింది. ఆ గాలి నాకు సుఖంగా లేదు. ఇలాంటివి మర్చిపోయే మనిషిని కాను నేను, గోవర్ధన్‌తో ఇప్పటికీ ముక్తసరిగానే మాట్లాడతాను.

ఆమె కోదాడలో ఒక పాలిటెక్నిక్‌లో తక్కువ జీతానికి చేరింది. బోర్డు లేదు కాబట్టి కాగితం మీదే పని చేసింది. కొన్నాళ్లకు ఒకరోజు ఫోన్ చేసి, మేడం ప్రశ్నకు జవాబు దొరికిందని చెప్పింది. ఏ నెట్‌వర్క్ అని చెప్పే ఆ సెట్టింగ్‌కు కూడా అదనపు బిట్లు కట్టి కాపలా పెట్టాలట, అది తప్పని తేలితే బోర్డు పని మొదలుపెట్టక ఆగిపోవాలట. తప్పుడు లెక్కలో పంపడం కంటే పంపకపోవడం మేలు కదక్కా అంది. ఇంకో కాలేజీలో మళ్లీ ఎం.టెక్‌లో చేరి, అక్కడి బోర్డు మీద అదంతా మొదటి నుంచి కట్టింది.

2014 ఎండాకాలంలో ఆమె వైవా అయింది. నేను సెలవు పెట్టి వెళ్లాను. ఎగ్జామినర్‌కు బస్సు టైమైంది. బల్ల మీద బోర్డు ఆన్ చేసి, ల్యాప్‌టాప్ తెరిచి గోపిక నిలబడింది. ఆయన రిపోర్టులో పేజీలు తిప్పుతూ, ఏ ఊరమ్మా అని అడిగాడు. తిరుమలగిరి సార్ అంది. మంచిదమ్మా అని సంతకం పెట్టి, బోర్డు వైపు కన్నెత్తి చూడకుండా వెళ్లిపోయాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లు ఒక్కదానివే కొట్టుకుంటే అడిగేది ఊరి పేరా, వెనక్కి పిలవనా అన్నాను. గోపిక కరెంటు తీసేసి వైరు చుట్టుకుంటోంది.

"పోనియ్యక్కా," అంది. "నా వైవా మిర్యాలగూడలనే అయిపోయింది. ఇయ్యాల సంతకం కోసం వచ్చిన."